జీపు బ్రేకు మెత్తబడిన సంగతి దాచినందుకు

కొండ మీది సర్వే కార్యాలయపు పెద్ద అధికారి గారి సముఖమునకు, అదే కార్యాలయపు ఫోర్‌వీల్ జీపు డ్రైవరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎల్లుండి తమరు కుటుంబ సమేతంగా, స్వయంగా నడుపుకొని కొండ దిగదలచిన జీపు బ్రేకు మెత్తగా దిగిపోవుట గురించి, మరియు ఆ సంగతి ఎనిమిది నెలలుగా నేను దాచుట గురించి.

1. సదరు జీపు వయస్సు ఇరవై ఆరు సంవత్సరములు. అందులో పంతొమ్మిది నా చేతి కింద గడిచినవి. గత ఎనిమిది నెలలుగా దాని బ్రేకు మొదటిసారి తొక్కినచో తడి స్పాంజి మీద కాలు వేసినట్లు కిందిదాకా దిగిపోవుచున్నది. వెంటవెంటనే తొక్కగా మూడోసారికి గట్టిపడి బండి నిలుచుచున్నది. కావున ప్రతి మలుపుకు ముందు రెండుసార్లు ఉత్తినే తొక్కి, మూడోసారి పనికి తొక్కుట నాకు అలవాటైనది. మన కొండకు మలుపులు నలభై ఒకటి.

2. మూడు నెలలకొకసారి తనిఖీకి వచ్చు ఇన్‌స్పెక్టరు గారు ప్యాంటుకు దుమ్ము అంటునని బండి ఎక్కరు. తలుపు దగ్గర నిలబడి, "ఏదీ, తొక్కవయ్యా" అని పెడల్ ఎంత దిగునో చూచెదరు. మొదటి తనిఖీలో వారు కళ్లజోడు పెట్టుకొనులోగా నా కాలు అలవాటు కొద్దీ రెండుసార్లు తొక్కేసినది. వారు చూచినది మూడోది. "రాయిలా ఉందయ్యా" అని సంతకం చేసిరి. అది నా పొరపాటు. తరువాతి తనిఖీలో మాత్రం వారు జేబులో కళ్లజోడు వెతుక్కునే దాకా ఆగి, కావాలనే తొక్కాను సార్.

3. దాచుటకు కారణము: లాగ్‌బుక్కులో బ్రేకు లోపం రెండుసార్లు వ్రాయబడిన పాత బండిని తుక్కు కింద వేలం వేయవలెనని నియమము. బండి పోతే నన్ను ఫైళ్లు మోయడానికి వేస్తారు. చక్రాలు లేని పని నాకు చేతకాదు. అందుకే ప్రతిదినము "బ్రేకులు సంతృప్తికరము" అని వ్రాసితిని. దస్తూరీ నాదే, బుకాయించను.

4. అయితే చేతులు ముడుచుకు కూర్చోలేదని మనవి. నాలుగు చక్రాల లోపలి వైపు తడిమితిని, చుక్క కారుట లేదు. బ్రేకు ఆయిల్ నల్ల కాఫీ రంగుకు తిరిగినందున తీసివేసి కొత్తది పోసితిని. వెనుక బ్రేకులు బిగించితిని. పిదప పైపులలో గాలి చేరినదని అనుమానించి, గాలి తీయుటకు పూనుకొంటిని. దీనికి ఇద్దరు కావలెను. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గరి చిన్న నట్టు వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. కాలు ఆ తరువాతే తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి తిరిగి లోపలికి వస్తుంది. షెడ్డులో ఉన్నది నేనొక్కడినే గనుక నా భార్య సహాయము కోరితిని.

5. నా భార్య మాట్లాడదలచినప్పుడల్లా కాలు తీయును. "పట్టుకున్నావా?" అంటే, "ఆ, పట్టుకున్నా గానీ, మా అమ్మ కంటి ఆపరేషన్‌కి సెలవు అడిగారా?" అని నా వైపు వంగేది. కాలు లేచేది. ఇట్లు నాలుగు ఆదివారములు గడిచినవి. చివరకు నేను అరవగా, "అరవకండి. మీరే వచ్చి తొక్కండి, ఆ నట్టేదో నేను చూస్తా" అని బండి కిందికి దూరింది.

"ఏమండీ, తొక్కండి."

తొక్కితిని.

"ఇంకోసారి. ఈ రబ్బరు పైపు చూశారా అసలు? మీరు తొక్కినప్పుడల్లా ఉబ్బుతోంది. చక్రానికి పోవాల్సిన బలమంతా ఇదే మింగేస్తున్నట్టుంది."

పంతొమ్మిదేళ్ల అనుభవము గల నేను ఆ నట్టు తప్ప మరేమీ చూడలేదని ఒప్పుకొనుచున్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను "మేస్త్రీ గారూ" అని పిలుస్తోంది. అది ఇక్కడ అప్రస్తుతము.

6. ముందు జాగ్రత్తకని బొంకి, మూడు రబ్బరు పైపులకు స్టోరుకు చీటీ పంపితిని. ఆ మోడల్ జీపు జాబితాలోనే లేదన్నారు. "బయట నిలబడి ఉంది కదండీ" అన్నాను. "బయట ఉంటే ఏం లాభం, జాబితాలో ఉండాలి" అన్నారు.

7. మా అత్తగారి ఆపరేషనుకు తమరు దయతో సెలవిచ్చి, "బండి నేనే నడుపుకుంటాలే" అన్నారు. "సార్, ఆ పెడల్ మూడుసార్లు తొక్కాలి" అన్నాను. "నాకు నేర్పుతావా?" అన్నారు. అక్కడే గట్టిగా చెప్పవలసింది. చెబితే బండి పోతుంది. చెప్పకపోతే ఏమి పోతుందో వ్రాయుటకు చేయి ఆడుట లేదు.

కావున ఎల్లుండి ఆ బండి కదలకుండా ఉత్తర్వు ఇచ్చి, పైపులు బయట కొనుటకు అనుమతించి, అబద్ధపు వ్రాతలకు శిక్ష ఏదైనా నాకే వేసి, బండిని మన్నించవలెనని ప్రార్థన. తమరు స్వయముగా, ఇవాళే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నిన్నటి వరకు "సంతృప్తికరము" అని వ్రాసిన డ్రైవరు

తా.క. ఈ కాగితం ముగ్గురు గుమాస్తాలను దాటి తమ బల్ల మీదికి రావాలి. ఎల్లుండికి రాదు. అందుకని ముందు చక్రం ఒకటి విప్పి ఇంటికి తెచ్చేసుకున్నాను. మా ఆవిడ చూసి, "మంచి పని చేశారు" అంది. ఆ మాట ఆమె నోట విని చాలా కాలమైంది.

పోయిన నెల తమ చిన్నపాప ముందు సీట్లో కూర్చుని, "మామయ్యా, ఒక్క బ్రేకుని అన్నిసార్లు ఎందుకు తొక్కుతావు?" అని అడిగింది. ఇన్‌స్పెక్టరు గారికి కనబడనిది ఆ పిల్లకు కనబడింది. "బండికి నిద్రొస్తోందమ్మా, లేపుతున్నా" అన్నాను. నమ్మేసింది సార్. లాగ్‌బుక్కు అబద్ధాలకు ఒక్కరోజు కూడా సిగ్గుపడలేదు గానీ, దీనికి మాత్రం పడుతున్నాను.

పైపులు వచ్చిన రోజు చక్రం తెచ్చి నేనే బిగిస్తాను. వేలానికే పంపుతామన్నా కబురు చేయండి, అప్పుడూ నేనే బిగిస్తాను. మూడు చక్రాల మీద దాన్ని సాగనంపలేను.