జల్లెడ మీద మిగిలింది

వదినకు,

పాపకు దగ్గు తగ్గిందా? ఇక్కడ కోత పడిన ఒడ్డు మీద పోయడానికి సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి తెస్తున్నారు. ఒడ్డు ఎంత జరిగిందో కొలవడం, ఇసుక ఆరబెట్టి జల్లించి గరుకెంతో చూడడం నా పని. పోసినదాన్ని అలలు లాక్కుపోతుంటే ఒడ్డు మళ్ళీ పాత వంపుకే వస్తోంది.

ఈసారి ఇసుక ఎక్కడ తోడారో నీకు చెప్పలేదు. అన్నయ్య పడవ మునిగిన వైపే. నన్ను ఈ తీరానికి వేసినప్పుడే, వేరే చోటికి మార్పించుకోమని నువ్వు ఊరికే అనలేదని తెలుసు. కానీ ఆ ఇసుకను ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కావడం లేదు.

జల్లెడ మీద మిగిలిన పుల్లలూ చెత్తా మేం ఏరి పారేస్తాం. మొన్న ఒక చొక్కా గుండీ మిగిలింది. "చెత్తేగా, పారెయ్యండి" అన్నాడు నాతో పనిచేసే అతను. సరేనని జేబులో వేసుకున్నాను. సముద్రంలో గుండీలకేం కరువు, నేనూ అదే అనుకుంటున్నాను.

ఆ రోజు అన్నయ్య వేసుకెళ్ళిన చొక్కాకు గుండీలు కుట్టింది నువ్వే. వాటికి రెండు బెజ్జాలా, నాలుగా? నా దగ్గరున్నదానికి ఎన్నో ఇప్పుడు రాయను. రాస్తే నువ్వూ ఆ లెక్కే చెబుతావు.

నీ ఆడపడుచు