నీలం కలపని అచ్చు

బాంబెర్గ్,
1958 అక్టోబర్ 12

చిరంజీవి రోస్విత్తకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ పిల్లీ క్షేమం. మ్యూనిక్‌లో నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను, నమ్మమన్నావు గనక.

నా బొమ్మల ప్రదర్శన కరపత్రానికి నా చరిత్ర పంపమన్నావు. రాసుకో: సమాధిరాళ్లు చెక్కే ఇంట పుట్టాడు. చర్చిలకు పునీతుల బొమ్మలు చేశాడు. యుద్ధం తర్వాత పోయినవాళ్ల పేర్లు చెక్కీ చెక్కీ విసిగి, శిల్పకళ నేర్పే పంతులయ్యాడు. తిట్టడంలో మంచి పేరుంది. చాలదూ?

ఇక నేను చేసిన అమ్మ తల బొమ్మ సంగతి. మొన్న అచ్చులోంచి తీశాం. మట్టిబొమ్మ మీద ప్లాస్టర్ అచ్చు పోసేటప్పుడు మొదటి పొరలో నీలం కలుపుతాం కదా, చిన్నప్పుడు నువ్వు దాన్ని చూసి "ఆకాశం వచ్చింది" అని అరిచేదానివి. అచ్చు పగలగొడుతుంటే ఆ నీలం కనబడగానే చెయ్యి నెమ్మదించాలి. దాని కిందే ముఖం. అచ్చులోంచి తవ్వేసిన మట్టిబొమ్మ ఎప్పుడో పోయింది, మనకు మిగిలింది లోపల తెల్ల ప్లాస్టర్‌తో పోసిన ఆ ఒక్క ముఖమే.

ఎంతకీ నీలం రాలేదు. నా దగ్గర నేర్చుకునే ట్రౌడెల్ ఉలి ఆపింది.

"మాస్టారూ, నీలమేదండీ?"

"లేదు."

"మేం మరిచిపోతే బకెట్ నెత్తిన బోర్లిస్తానంటారుగా! మరి మీకెవరు బోర్లించాలి?"

"ముందు పని చూడవే. తర్వాత తీరిగ్గా బోర్లిద్దువుగాని."

తెలుపులో తెలుపును వెతకాల్సి వచ్చింది. పెచ్చు ఊడిన ప్రతిసారీ అది అచ్చో, మీ అమ్మో తెలియదు. భయమేసింది. అయినా లోపల ఎలా ఉందోనన్న ఆత్రమే ఎక్కువైంది. ముందు చెవి వచ్చింది, తర్వాత జుట్టుముడి. చెంప దగ్గర ఉలి జారి చిన్న పెచ్చు లేచింది. చివరికి ముఖం దక్కింది.

పంతులే నీలం మరిచాడని బడంతా నవ్వుకుంటోంది. నవ్వనీ. నీ దగ్గర మాత్రం దాచలేను. మరిచిపోలేదమ్మా. అమ్మను సాగనంపిన వారానికి, నీలం కలిపిన గిన్నె పట్టుకుని ఆ మట్టిబొమ్మ ముందు నిలబడ్డాను. ఆస్పత్రిలో చివరికి తన పెదవులు సరిగ్గా ఆ రంగుకే తిరిగాయి. దాన్ని మళ్లీ ఆ నోటిమీద చల్లడానికి చెయ్యి రాలేదు. పారబోసి తెల్లది కలిపాను.

నువ్వు రైలు దిగి పరుగెత్తుకొచ్చినా, ఆరోజు అమ్మ ముఖం మీది గుడ్డ తీయనివ్వలేదెందుకని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. అందుకే.

ఇప్పుడు వచ్చి చూడు తల్లీ.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
నాన్న