పెదవులు ఆడిస్తే చాలు

టార్నీట్,
12 ఆగస్టు 2018, ఆదివారం

ప్రియమైన నా బంగారుతల్లి హెలెనాకి,

పాడిందమ్మా, మీ అమ్మ పాడింది! నీ పాటే పాడింది! ఈ రెండు చెవులతో విన్నాను!

ఆగు, వరసగా చెప్తాను. నిన్న మధ్యాహ్నం మెల్విన్ అన్నయ్యా, జాక్లిన్ వదినా సరుకులకి వెళ్లారు. నువ్వు పంపించిన పాట, అదే, గొంతు లేకుండా ఉత్త వాయిద్యాలే ఉన్నది, వంటగది స్పీకర్లో పెట్టాను. పియానో నాలుగు మెట్లు నొక్కి ఊరుకుంటుంది. ఆ పెద్ద ఫిడేలు 'బొం' అని ఒకసారి అంటుంది. డ్రమ్ముల మీద ఎవరో చీపురుతో ఊడుస్తున్నట్టుంటుంది. నిజం చెప్పొద్దూ, ఇది పాటా, పాటకి ముందు శ్రుతి చూసుకోవడమా అని నాకు ఇప్పటికీ అనుమానమే. మీ అమ్మ గోంగూర ఒలుస్తోంది. మొన్న సెలవల్లో నువ్వు పాట రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్లిన కాగితం కేసి చూసింది. చూసి, "ఇంకాసేపు కూర్చో, వెలుతురు ఇంకా ఉంది" అని అందుకుంది!

నేను గుమ్మంలోనే నించుండిపోయాను. ఆ గొంతు విడిగా విని ముప్పై ఏళ్లయిందే తల్లీ! గుడిలో ఆదివారం ప్రార్థనలో అయితే నలుగురిలో కలిసిపోతుంది కదా.

కాకపోతే పాత జబ్బు పోలేదు. తాళం ముందు వెళ్లిపోతుంది, ఈవిడ తీరిగ్గా చెప్పులు వెతుక్కుని వెనకాల బయల్దేరుతుంది. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి, రైట్ అన్నాక ఆగడం నా వల్ల కాదు. నా కాలు దానంతటదే తాళం వెయ్యడం మొదలెట్టింది. ఆ చప్పుడికి ఇటు తిరిగి, "అక్కడ దెయ్యంలా నించున్నారేంటి? కాడలెయ్యడానికి ఆ సంచీ ఇలా ఇవ్వండి" అని ఆపేసింది.

ఫోనులో చెప్పేవాణ్ణే. కానీ ఈ ఇంట్లో ఎవరికి ఫోనొచ్చినా స్పీకర్లోనే మాట్లాడతారు. ఆవిడ వింటే మళ్లీ నోరు విప్పదు. పైగా నీ తెలుగు రాత పోకుండా ఉత్తరాలు రాసుకుందామని మన ఒప్పందం ఉండనే ఉంది. అన్నం వేళకి తిను.

సంతోషం పట్టలేని
మీ నాన్న జోజయ్య

*

ద పాండ్స్, సిడ్నీ
21 ఆగస్టు

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం యూనివర్సిటీకి వెళ్తూ ట్రైన్‌లో చదివాను. ఏడుస్తున్నాననుకుని పక్క సీటు ఆంటీ టిష్యూ ఇచ్చింది. నిజానికి నవ్వుతున్నాను. కొంచెం ఏడ్చాను కూడా. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపకు, ప్లీజ్.

నువ్వు జబ్బు అన్నావే, ఆరు నెలల్నుంచి నేను దానికోసమే తిరుగుతున్నాను నాన్నా. నేను చేసేవి సోల్ జాజ్ బాలడ్స్. అంటే స్టేజీ మీంచి ఊరందరికీ పాడే పాటలు కాదు. పక్కన కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడినట్టుండాలి. మాట్లాడేటప్పుడు ఎవరూ తాళం చూసుకోరు కదా? వాయిద్యాలు ముందు వెళ్లి తలుపు తీసి నించుంటాయి. గొంతు తర్వాత వస్తుంది, తనకి రావాలనిపించినప్పుడు. నేను వాయిద్యాలు తక్కువ పెట్టేది అందుకే, ఆ గొంతు రావడానికి చోటుండాలని. పదకొండుమంది సింగర్స్‌ని విన్నాను. గొంతులన్నీ బావున్నాయి. కానీ అందరూ ఆలస్యం అవుతున్నట్టు నటిస్తున్నారు.

నా ఫైనల్ ప్రాజెక్టులో నాలుగు పాటలు. మూడు అయిపోయాయి. నాలుగోది ఈ తెలుగు పాట, నవంబర్ రెండులోపు ఇవ్వాలి. మూడింటితో పాస్ అయితే అవుతానేమో. కానీ నేను ఈ చదువులో చేరింది ఈ పాట కోసమే అనిపిస్తుంది.

మమ్మీని అడుగుతావా? నేనడిగితే "నాకేం పని లేదా" అంటుంది. అసలు తను పాడటం ఎందుకు మానేసింది? నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు.

నీ చేతిరాతని యూనిలో అందరికీ చూపించుకునే
హెలెనా

*

టార్నీట్,
2 సెప్టెంబరు

ప్రియమైన చిట్టితల్లికి,

అడిగాను. మంచి సమయం చూసుకునే అడిగాను, టీ తాగాక.

"ప్రేమా, అమ్మాయి పరీక్షకి నువ్వు పాడాలంట."

"మైకు ముందా? సిడ్నీలో గొంతున్నవాళ్లు ఇంకెవరూ లేరా?"

"నీలా ఆలస్యంగా పాడేవాళ్లు దొరకలేదంట."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "ముప్పై ఏళ్ల తర్వాత ఇప్పుడు పనికొచ్చిందా అది?" అని నా చొక్కా సగం ఇస్త్రీలోనే వదిలేసి లోపలికెళ్లిపోయింది.

ఎందుకు మానేసిందని అడిగావు. మా నర్సాపురం తొలి రోజులు నీకేం తెలుసు తల్లీ, అప్పటికి నువ్వు పుట్టలేదు. మన గుడి క్వయరుకి నేనే హార్మోనియం, నేనే మాస్టర్ని. ఎనిమిదో క్లాసుతో ఆపేసినవాణ్ణి 'మాస్టారూ' అని పిలిచేవారు! శనివారం డ్యూటీ దిగి, టిక్కెట్ల పెట్టె డిపోలో అప్పగించి, ఖాకీ బట్టలతోనే పరిగెత్తేవాణ్ణి. కిటికీల్లోంచి గోదావరి గాలి, ఎవరో ఒకరు తెచ్చిన వేడి పకోడీ పొట్లం, నూనె చేతులతో పాటల పుస్తకాలు. మీ అమ్మ రెండో వరసలో నించునేది. ఎంత గొంతమ్మా అది! కానీ అందరూ వాక్యం చివరికి చేరుకున్నాక ఈవిడ ఒక్కత్తీ మధ్యలో ఉండేది.

ఎనభై ఎనిమిది డిసెంబరులో భీమవరంలో క్రిస్మస్ పాటల పోటీ. ముందురోజు ప్రాక్టీసులో అందరిముందూ అనేశాను: "ప్రేమలీలా, రేపు నువ్వు గొంతు కలపొద్దు. పెదవులు ఆడిస్తే చాలు." అందరూ నవ్వారు. మీ అమ్మ కూడా నవ్వింది. మర్నాడు మాకు కప్పొచ్చింది.

అంతే. అంత చిన్న మాట. దానికి ఎవరైనా పాట మానేస్తారా? అయినా మానింది ఎక్కడ, ప్రతి ఆదివారం నా పక్కనే పాడుతూనే ఉంది కదా. మైకంటే బెరుకు, అంతే. మళ్లీ అడుగుతాను, నువ్వు దిగులు పడకు.

మీ నాన్న

*

ద పాండ్స్
10 సెప్టెంబర్

ప్రియమైన నాన్నకి,

గుడిలో మమ్మీకి ఇటుపక్క నువ్వు కూర్చుంటావు. అటుపక్క కూర్చునేది నేను. ఎన్నో ఏళ్లు కూర్చున్నాను. ఒక్కసారి కూడా గొంతు వినపడలేదు. చిన్నప్పుడు, పెద్దవాళ్లు అలాగే పాడతారేమో అనుకునేదాన్ని. నువ్వు నీ గొంతుతో గుడి పైకప్పు లేపుతుంటావు, నీకెలా తెలుస్తుంది?

వచ్చే ఆదివారం నువ్వు పాడకు. ఊరికే విను.

ఇంకొకటి. నర్సాపురంలో నువ్వు డ్యూటీకి వెళ్లాక మమ్మీ నాకు జడ వేస్తూ పాడేది. చిక్కు తగిలితే దువ్వెన ఆగేది, పాటా ఆగేది. ఎక్కడ మళ్లీ మొదలవుతుందా అని మెడ కదపకుండా కూర్చునేదాన్ని. మా టీచర్లు నా పాటల్లో ఖాళీలు చూసి ఎవరి రికార్డులు విని నేర్చుకున్నావని అడుగుతారు. ఏం చెప్పను వాళ్లకి?

నీ మీద కోపంగా ఉంది. ప్రేమ కూడా ఉంది. రెండూ కలిపి పంపిస్తున్నాను.

హెలెనా

*

టార్నీట్,
16 సెప్టెంబరు, ఆదివారం

ప్రియమైన హెలెనాకి,

విన్నాను.

మొదటి పాటకి నోరు మూసుకుని నించున్నాను. మీ అమ్మ పుస్తకం పట్టుకుని ప్రతి మాటకీ పెదవులు ఆడిస్తోంది. సరిగ్గా తాళంలో, ఒక్క అక్షరం వెనకపడకుండా. చప్పుడు మాత్రం లేదు. రెండో పాటా అంతే. మూడో పాటకి నేను కూర్చుండిపోయాను. "ఒంట్లో బాలేదా?" అని నా నుదురు చూసింది.

ఇంటికొస్తూ కారులో అడిగాను. "ఎన్నాళ్లనుంచి ఇలా?"

"మీరు చెప్పినప్పట్నుంచి."

"పోటీ ఒక్కరోజుకే కదా ప్రేమా నేను చెప్పింది?"

"మళ్లీ పాడమని ఎవరూ చెప్పలేదుగా" అంది. కోపంగా అన్నా బావుండేది. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. జాక్లిన్ వదిన కారు నడుపుతూ అద్దంలోంచి నన్ను ఒకసారి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

నువ్వు రా తల్లీ. "పిల్ల చదువుకోసం" అంటే సరే అంది. నేను ఇంట్లో లేకుండా వెళ్లిపోతాను. నా కాలు చూస్తే ఆవిడ పాడలేదు.

నీకోసం ఎదురుచూసే
మీ నాన్న

*

ద పాండ్స్
4 అక్టోబర్

ప్రియమైన నాన్నకి,

నీకు అబద్ధం చెప్పాను. మొన్న నువ్వు మూడు గంటలు స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఇంటికొచ్చి, "ఎలా వచ్చింది?" అని అడిగితే "సూపర్" అన్నాను కదా. రాలేదు.

బట్టల గదిలో కోట్లూ చీరలూ వేలాడుతుంటే వాటి మధ్య మమ్మీని కూర్చోబెట్టాను, గొంతు గోడలకి తగిలి మోగకుండా. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. అందులో వాయిద్యాలతోపాటు తాళం కోసం టిక్ టిక్ అని ఒక చప్పుడు వస్తుంది. మమ్మీ ఆ టిక్కుని పట్టుకుంది. నాన్నా, ఒక్క వెంట్రుకంత కూడా వెనకపడలేదు! ప్రతిసారీ "ఆలస్యం అవలేదు కదా?" అని అడిగింది. టిక్కు తీసేస్తే చేత్తో మోకాలి మీద తనే వేసుకుంది. పద్నాలుగుసార్లు పాడించాను. పద్నాలుగూ కరెక్టు. స్కూల్ అసెంబ్లీలా కరెక్టు. చివరికి నేనే ఆపేశాను.

మళ్లీ అడగను. సోఫీ అనే అమ్మాయి తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటోంది. మంచి గొంతు, చాలా కష్టపడుతోంది. మమ్మీకి మాత్రం బాగా వచ్చిందనే చెప్పు.

హెలెనా

*

టార్నీట్,
25 నవంబరు, ఆదివారం

ప్రియమైన నా బంగారుకొండా, నా పట్టభద్రురాలా,

పరీక్ష గెలిచావు! నాలుగో పాటకి ఆ పెద్ద ప్రొఫెసరు లేచి నించున్నాడటగా! నేను ఇక్కడ హాల్లో నించున్నాను, కూర్చోమన్నా కూర్చోలేదు. మెల్విన్ ఆ పాట తొమ్మిదిసార్లు పెట్టాడు, పదోసారి ఇక చాలు నాన్నా అని స్పీకరు ఎత్తుకుపోయాడు.

అక్టోబరులో అన్నయ్య ఫోనులోంచి నీకు ఆ రికార్డింగు వచ్చినప్పుడు "ఎలా పాడించావు నాన్నా?" అని అడిగావు. స్పీకరు ఫోనాయె, ఏం చెప్పను? ఇప్పుడు చెప్తాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఆలోచించాను. నీ మిషనులో టిక్ టిక్ అన్నది నేనేనమ్మా. మూడు గంటలు స్టేషన్లో కూర్చున్నా ఇంట్లోంచి నేను బయటికి పోలేదు. అందుకని శనివారం పొద్దున్న టిఫిన్లయ్యాక హార్మోనియం హాల్లో పెట్టి, కోడల్నీ కొడుకునీ కూర్చోబెట్టి, అందరిముందు అన్నది అందరిముందే తీసుకోవాలి కదా, అన్నాను: "ప్రేమా, ఆ కప్పు నీ గొంతు తీసేసి తెచ్చుకున్నాం. తప్పు నీ తాళానిది కాదు, నాది. నాకు ఆగడం రాదు. ఇవాళ నువ్వు ముందు, నేను వెనకాల."

"మీరా, ఆగడమా!" అని నవ్వింది.

మెల్విన్ ఫోనులో రికార్డింగు నొక్కాడు, నేను హార్మోనియం మీద నాలుగు మెట్లు కలిపి పట్టుకున్నాను. ఆవిడ పాడదు. నేను వదల్లేదు. ఆవిడ మొదలుపెడితే గానీ నేను వేరే మెట్టుకి పోనని మనసులో ఒట్టేసుకున్నాను. మీ అమ్మ ఏం చేసిందో తెలుసా? లేచి వంటగదిలోకి వెళ్లి మంచినీళ్లు తాగింది! గ్లాసు కడిగి బోర్లించింది! వచ్చి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. నాకు తిత్తి ఊదీ ఊదీ ఎడమచెయ్యి పట్టేసింది, కాలు మడమ దగ్గర జివ్వుమంటోంది, కదపలేదు. అంతసేపు ఆపిన బస్సు నా సర్వీసు మొత్తంలో లేదు. "ఇంకా పట్టుకునే ఉన్నారా?" అంది. "ఉన్నాను" అన్నాను. నా మొహం కేసి చాలాసేపు చూసింది. అప్పుడు, "ఇంకాసేపు కూర్చో..." అంది. తర్వాత మాట ఎప్పుడొస్తుందో నాకు తెలియదు, ఆవిడకీ తెలియదు. వచ్చినప్పుడు వచ్చింది. జాక్లిన్ వెళ్లి కుక్కరు కట్టేసి అక్కడే గోడకి ఆనుకుని ఉండిపోయింది.

నువ్వు దాన్ని ఎంత బాగా చేశావే! వాయిద్యాలవాళ్లందరికీ అమ్మ గొంతు చెవుల్లో పెట్టి, "ఆవిడ కదిలితే కదలండి, లేకపోతే ఉండండి" అన్నావట. ఆ పెద్ద ఫిడేలాయన ఎంత ఓపిక గల మనిషి! సోఫీ పాపం, తన చోటు పోయినా వెనకనుంచి మెల్లిగా గొంతు కలిపింది, దానికి నా ఆశీర్వాదం చెప్పు. నా ముసలి హార్మోనియం కూడా తీసెయ్యలేదు నువ్వు.

ఇవాళ గుడిలో మీ అమ్మ పాడింది. వరసలో అందరికంటే వెనక. ముందు బెంచీవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అన్నాను. నేనూ ఆగి ఆవిడతోనే వెళ్లాను, మేమిద్దరం కలిసి ఆఖరున చేరాం.

ఇప్పుడు నువ్వు ఒక పని చెయ్యి. నాకు ఆ ఫోనులో పాట పంపడం రాదు. ఎనభై ఎనిమిదిలో ఆ ప్రాక్టీసులో ఉన్న మనవాళ్లందరికీ పంపించు. పాటతోపాటు "అప్పుడు తప్పు జోజయ్యదే" అని నా పేరుతో రాయి, సిగ్గుపడొద్దు.

దేవుడు నీకు మంచి చెవిచ్చినందుకు స్తోత్రాలతో, ముద్దులతో,
మీ నాన్న జోజయ్య

చెప్పవలసినవాళ్లు:

నర్సాపురంలో లలితకుమారి అత్తయ్య. అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే. ముందు ఆవిడకి.

ఏలూరులో కనకరాజు పెదనాన్న. ఆయనకి చెవుడు, గట్టిగా పెట్టమను.

పాలకొల్లులో శ్యామసుందరి పిన్ని, ఆవిడ ఇద్దరు కోడళ్లు. వాళ్లు లేరు అప్పుడు, అయినా వినాలి.

ఇక్కడే క్రెయిగీబర్న్‌లో మా చిన్న మేనల్లుడు, అప్పటికి గుడి గంట వాయించేవాడు.

మీ అమ్మ తమ్ముడు ఇమ్మానియేలు మావయ్య, రాజమండ్రి. ఆరోజు అతనొక్కడే నవ్వలేదు. పుస్తకం బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ నాతో మాట్లాడలేదు. అతనికి నువ్వు పంపకు. నంబరు కనుక్కుని నాకివ్వు, నేనే చెప్తాను.