బోసి చెక్క మీద సాన్పి

శుక్రవారం, శామీర్‌పేట, 2004

చేతులు ఇంకా మంట పుడుతూనే ఉన్నాయి. వారమంతా ఒక్కదాన్నే కూర్చుని, ఇంటి ముందున్న చెక్క వరండాకు పట్టిన పాత ఆకుపచ్చ పెయింట్ గీకాను. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, నిన్న సాయంత్రానికి టేకు అసలు రంగు తేల్చాను. ఇవాళ వార్నిష్ వేద్దామనుకున్నాను.

పొద్దున లేచి చూస్తే, అత్తమ్మ దాని మీద పేడనీళ్లతో సాన్పి చల్లి, ఆ తడి మీదే ముగ్గేసి పెట్టింది! రంగు లేని చెక్క కదా, మొత్తం పీల్చేసుకుంది. ఎక్కడ చూసినా పేడ మరకలే.

"ఏంది అత్తమ్మా ఇది?" అని అరిచాను.

"రంగు వోయినంక వాకిలి బోసిగున్నది బిడ్డా. శుక్కురారం పూట గట్లనే ఇడిచిపెడ్తమా?"

ఆమెనేమంటాను? మా ఆయనైతే పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా, "మీదికెల్లి మల్ల పచ్చ పెయింటే కొట్టు, కనవడది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నేను గీకుతుంటే ఒక్క రోజైనా ఇటు తొంగి చూశాడా?

పెయింట్ కొట్టను. మళ్లీ గీకుతాను. కానీ ముందు ఈ తడి ఆరాలి. వారమైనా పట్టేలా ఉంది.

అప్పటికి మళ్లీ శుక్రవారం వచ్చి కూర్చుంటుంది.