తీర్పు చెప్పని పెద్దమనిషి

దోహా,
12 జూన్ 2021

చి. సుహాసినికి,

బాపు దీవెనలు. నువ్వూ పాపా కులాసా అని తలుస్తాను. నా ఒంటికి ఏమీ లోటు లేదు.

నీ ప్రశ్నలకు ముందు జవాబులు రాస్తాను. బీపీ మాత్రలు మానలేదు. వంట నేనే చేసుకుంటున్నాను. సెలవు ఇప్పట్లో దొరకదు. అల్ ఖోర్ స్టేడియం సైటులో పని చివరికి వచ్చింది. ప్రపంచ కప్పుకు ఏడాదిన్నర ఉన్నా అప్పగింత కాగితాలు ఈ ఏడే పూర్తి కావాలట. ఎండకు పది గంటలకే బయటి పని ఆపేస్తున్నారు. మా డ్రాయింగుల ఫైళ్ళకు ఆ ఎండ తగలదు, పని ఆగదు.

నువ్వు ఫ్రాన్సు నుంచి పంపిన కోర్టు కాగితం మా ప్లానింగ్ ఇంజినీరు చేత చదివించాను. ఆయన ఫ్రెంచివాడు. పోయినసారి నీకు తప్పు రాశాను బిడ్డా. కోర్టు పెట్టిన మధ్యవర్తి దగ్గరికి ఒంటరిగా పోవద్దనీ, మనవాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకొమ్మనీ, ఆమెను ముందే మనవైపు తిప్పుకొమ్మనీ అన్నాను. "ఆమె తీర్పు ఎప్పుడిస్తుంది?" అని అడిగితే ఇంజినీరు నవ్వాడు. ఆమె తీర్పు ఇవ్వదట. మీ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తుందట, అంతే. గడువు మూడు నెలలు. అవసరమైతే పెంచుతారు. కుదరకపోతే జడ్జే తేలుస్తాడు. ఆ గదిలో అన్న మాట, మీరిద్దరూ ఒప్పుకుంటే తప్ప, జడ్జి దాకా పోదు.

ఎవరిదని చెప్పకుండా ఈ సంగతి ముజఫ్ఫర్ అలీతో అన్నాను. మా కంపెనీ బస్సు నడుపుతాడు, కోరుట్ల మనిషి.

"తీర్పు చెప్పనోడు పెద్దమనిషెట్లయితడు సార్? ఉత్తగ చాయ్ తాగనీకి కూసుంటడా?"

"అక్కడన్న మాట బయటికి చెప్పరట."

"మాఫీ తీర్పు, మాఫీ ముచ్చట! మా తాన పంచాయితీ లేవకముందే హోటల్ల కథంత తెలుస్తది. గిదేం పంచాయితీ సార్!"

ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. బస్సులో అందరూ నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇక అల్లుడు నగేష్ నాకు రాసిన ఉత్తరం సంగతి. మీ లాయరుకు కావాలి, వెంటనే పంపమన్నావు. పాపను బడి నుంచి తేవడం మరచి రెండు గంటలు గేటు దగ్గర నిలబెట్టాననీ, తండ్రిగా పనికిరానేమోననీ అతను రాశాడు. అది జడ్జి చేతిలో పడితే పాప పూర్తిగా నీ దగ్గరే ఉంటుందని నీ ఆశ. అతను నీ మీద గానీ పాప మీద గానీ ఏనాడూ చెయ్యి ఎత్తలేదని నువ్వే రాశావు. ఎత్తి ఉంటే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. మామూలుగా అయితే అక్కడి చట్టంలో భార్యాభర్తలు విడిపోయినా బిడ్డ మీద అధికారం తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంటుందని ఇంజినీరు చెప్పాడు.

నీకు ఇంతవరకు చెప్పనిది ఒకటుంది.

నీకు ఆరేళ్ళప్పుడు మీ అమ్మ నెల రోజులు అమ్మమ్మ ఇంట్లో ఉంది. బోనాలకు పోయిందని నీకు చెప్పాం. అలిగి పోయింది. టీచర్ ట్రైనింగుకు పోతానంటే నేను వద్దన్నాను. అక్కడి నుంచి నాకు ఉత్తరం రాసింది. అందులో ఒక వాక్యం: "కోపంలో పిల్లను నిద్రలో వదిలి, గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయాను, ఆ తప్పు మాత్రం నాదే." నా ఒక్కడికే రాసిన మాట అది. ఆమెను తిరిగి పంపమని నేను పెట్టించిన పంచాయితీలో పెద్దమనుషుల ముందు నేను దాన్ని చదివాను.

"తప్పు తనే ఒప్పుకున్నది. ఇంకేమున్నది? తోలుకపో రాజేందర్" అన్నారు.

గెలిచాను. ట్రైనింగు మాట మళ్ళీ రాలేదు. మీ అమ్మ విజయరాణి నాతో ఇంకో పంతొమ్మిదేళ్ళు ఉంది. ఆ పంతొమ్మిదేళ్ళలో 'తప్పు నాది' అని ఒక్కసారీ అనలేదు. చేతిలో గిన్నె జారినా అనలేదు. నేను దాన్ని మొండితనం అనుకున్నాను.

చివరి ఏడు, రొమ్ములో గడ్డను ఎనిమిది నెలలు దాచింది. నేను సెలవు మీద వచ్చి దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?" అని డాక్టరు అడిగాడు. ఆమె నా వైపు చూసింది. సిగ్గుపడి చెప్పలేదని నీకు చెప్పాను. సిగ్గు కాదు. నాకు చెప్పుకున్న మాట ఏమవుతుందో ఆమెకు తెలుసు.

నగేష్ ఉత్తరం నేను పంపను. చింపను కూడా. అది అతని మాట. చెప్పదలిస్తే ఆ గదిలో నీ ముందు అతనే చెప్పాలి. దీనివల్ల నీ కేసు బలం తగ్గితే ఆ తప్పు నాది. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

మొదటి రోజు మాట ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావు. అక్కడ చదవడానికి ఒక ఉత్తరం కావాలనిపిస్తే ఇది చదువు. నగేష్ వింటుండగా చదువు. నా పేరు దాచవద్దు.

ఇట్లు
నీ బాపు