బాలన్న చేతి పులుసు

సులై క్యాంపు, ఏడో రూము
రియాద్

ముత్తవ్వ వదినకు భూమేష్ దండాలు. మేమంతా బాగున్నాం, ఏసీ ఒక్కటే బాగాలేదు.

బాలన్నను పెట్టెలో మీకు పంపి మూడు నెలలైంది. అంత్యక్రియలు మీరు చేశారు, మాకు ఆ భాగ్యం లేదు. ఇప్పుడు మా తలకింతని సర్కారు వేసిన లెవీ కట్టలేక, కంపెనీ రూములో సగం మందికి వీసా తీసేసి ఇంటికి పొమ్మని ఎగ్జిట్ కొట్టింది. అందరం కలిసుండేది ఈ శుక్రవారమే ఆఖరు. ఆ రోజు ఆయన యాదిలో సభ పెడుతున్నాం. పంతులు లేడు, మంత్రాలు లేవు, మాట్లాడేది నేనే. ఆయన గురించి నాలుగు మాటలు రాసి పంపండి.

మీ మరిది,
భూమేష్

తా.క.: క్యాంపులో సభలకు ఒప్పుకోరు, అందుకే ఫోర్‌మన్‌తో బాలన్న పుట్టినరోజు చేస్తున్నామని చెప్పాం. కేకు ఆయనే తెస్తాడట.

* * *

తమ్మీ భూమేష్,

నేను చెప్తుంటే బిడ్డ సరళ రాసి, ఫోటో దీసి ఫోన్ల పంపుతున్నది.

దినాలైనయ్, ఊరంత తిన్నది. మల్ల ఇదేంది? ఒక్క మనిషికి రెండు సావులా? సరే, రాసుకో. మీ అన్న ఇంటికొస్తే కూసున్నకాడికెల్లి లేవడు. మంచినీళ్లు సుత చేతికియ్యాలె. పొయ్యి ఎటుదిక్కున్నదో ఎర్కలేదు. అయినా మంచోడే.

ఉంట మరి,
ముత్తవ్వ

తా.క.: కేకు మీద వయసు రాయించకుండ్రి. అది మీ అన్నకే తెల్వది.

* * *

వదినా, దండాలు.

మీ ఉత్తరం రూములో గట్టిగా చదివాను. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. పొయ్యి తెలియదా? పదకొండేళ్లు మా ఏడుగురికీ వండింది ఆయనే! ఆయన చేపల పులుసు వాసనకు పక్క రూము పాకిస్తానీలు గిన్నెలు పట్టుకొచ్చేవాళ్లు. మీరు చెప్పేది ఎవరి గురించి?

అయోమయంలో,
భూమేష్

* * *

తమ్మీ,

పులుసా? నేను మొఖం జూసిన, మెడ మీద పుట్టుమచ్చ జూసిన. కాలవెట్టింది మీ అన్ననే. మరి మీకు వండిపెట్టినోడు ఎవడు? ఆడ బతికే ఉన్నడా? ఉంటే జల్ది ఫోనియ్యి. నేను ఏమనను.

ముత్తవ్వ

* * *

వదినా, తప్పయింది, క్షమించండి.

ఇద్దరూ ఒక్కరే. బాలన్న ఇక లేడు. ఇక్కడ మగవాళ్లందరికీ వంట వచ్చు, ఇంట్లో మాత్రం చెప్పం. చెబితే సెలవుకొచ్చినప్పుడు కూర్చోబెట్టి ఎవరు పెడతారు? మాకు వంట నేర్పిందీ, దాన్ని దాచడం నేర్పిందీ ఆయనే. రేపే శుక్రవారం. మీరు చెప్పిన మనిషి గురించి మాట్లాడాలా, మేం చూసిన మనిషి గురించా? నాకు పాలుపోవడం లేదు.

భూమేష్

తా.క.: ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. నాకు చాయ్ పెట్టడం కూడా రాదని మా ఆవిడ ప్రేమలత నమ్మకం. వచ్చే నెల నేనూ ఎగ్జిట్ మీద ఇంటికే వస్తున్నాను.

* * *

తమ్మీ,

ఫోటో ముంగట నిలవడి మీ అన్నను మస్తు తిట్టిన. ఊరోళ్లందరికి వండిపెట్టిండు, నాకు ఒక్క పూట పెట్టలే! తిట్టంగ తిట్టంగ నవ్వొచ్చింది. ఆయన పోయినంక నవ్వుడు ఇదే మొదలు. ఇద్దరి గురించి చెప్పు సభల. ముత్తవ్వ తిట్టిందని సుత చెప్పు. ఆ పులుసు ఎట్లుంటదో నాకు ఎర్కలేదు. నువ్వొచ్చినంక ఆయన నేర్పినట్టే వండిపెట్టు, తింట.

మీ వదిన,
ముత్తవ్వ

తా.క.: సరళ అత్తగారింటికి పోయింది. నీ ఉత్తరం చదివిపెట్టింది ప్రేమలత. ఇది రాస్తున్నది సుత ఆమెనే. జెర భద్రంగ రా.