ఒకే ఖాతాలో ఇద్దరి చదువు

ఉజ్వలా,

పులుసు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. నేను గలాలీలో సీతారత్నం గారింటికి వెళుతున్నాను, సాయంత్రానికి వస్తాను.

నీ ఫోనులో ఈ-పుస్తకాలకు నీ పేరుతో వేరే ఖాతా తెరుచుకో. నా పుస్తకాలు నువ్వూ చదువుకోవాలని నా ఖాతానే నీకిచ్చాను. ఖాతా ఒకటే కావడం వల్ల నువ్వు గీత గీసిన వాక్యాలు నా ట్యాబ్‌లోనూ కనబడుతున్నాయి. ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది. ‘ఆమె చదువంతా డబ్బాల మీద పేర్లు రాయడానికే పనికివచ్చింది’ అన్న వాక్యం కింద గీసింది నేను కాదు.

నా ఖాతాలో కుటుంబ సభ్యురాలిగా నిన్ను చేర్చే ఏర్పాటు చేశాను. ఇకపై నా పుస్తకాలు నీకు వస్తాయి, నీ గీతలు నాకు రావు.

మొన్న నేను సఖీర్ యూనివర్సిటీలో ల్యాబ్ ఉద్యోగం మాట ఎత్తితే, “ఇప్పుడెందుకులెండి అత్తయ్యగారూ, పాప చిన్నది, హాయిగానే ఉన్నాగా” అని నవ్వేశావు. నేను నమ్మాను. నాతో అనలేని మాట పుస్తకానికి చెప్పుకున్నావని కొంత నొచ్చుకున్నాను కూడా.

దరఖాస్తుకు గురువారం వరకు గడువుంది. పాపను బడి బస్సు ఎక్కించడం, దించుకోవడం ఇక నా పని.

అత్తయ్య

తా.క. జస్వంత్‌కు నువ్వే చెప్పు. తల్లిగా నేను చెబితే అది నా నిర్ణయమైపోతుంది.